గురి ఎవరి మీద?

నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి తిక్కన సోమయాజి తెలుగు చేసిన పదిహేను భారత పర్వాల్లో సౌప్తిక పర్వం చిన్నవాటిలో ఒకటి. చదవడానికి మనసు రానిదీ అదే. అప్పటికి యుద్ధం ముగిసిపోయింది. దుర్యోధనుడు తొడలు విరిగి నేలమీద పడి ఉన్నాడు. అతడి వైపు మిగిలింది ముగ్గురే. ఆ రాత్రి మర్రిచెట్టు కింద నిద్రపట్టని అశ్వత్థామకు ఒక గుడ్లగూబ కనిపిస్తుంది. కొమ్మల మీద నిద్రపోతున్న కాకులను అది చప్పుడు లేకుండా చంపుకుంటూ పోతోంది. తాను చేయబోయే పని అతడికి అక్కడ తోచింది. నిద్రపోతున్నవారిని, చేతిలో ఆయుధం లేనివారిని చంపడం అధర్మమని మేనమామ కృపాచార్యుడు అడ్డుపడతాడు. అశ్వత్థామ వినడు. తెల్లవారేసరికి ద్రౌపది కొడుకులు ఐదుగురితో సహా ఆ శిబిరంలో నిద్రపోయినవారు శవాలయ్యారు.

అశ్వత్థామ కోపానికి కారణం లేకపోలేదు. కొడుకు చనిపోయాడన్న అబద్ధంతో ద్రోణుడి చేత విల్లు కింద పెట్టించి, యోగంలో కూర్చున్న ఆ వృద్ధుడి తల నరికారు. భారతం ఈ అన్యాయాన్ని దాచదు, పాండవులను సమర్థించదు. అయినా అశ్వత్థామను క్షమించదు. పాండవులు వెంటపడినప్పుడు అతడు దివ్యాస్త్రం వేశాడు, అర్జునుడూ బదులు వేశాడు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించుకున్నాక కూడా అశ్వత్థామ తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోలేక, దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. అందుకు పడిన శిక్ష మరణం కాదు. మూడు వేల ఏళ్లు మనిషి తోడు లేకుండా తిరగడం.

ఈ కథలోని అస్త్రం అణుబాంబేనని, మన పూర్వులకు ఆ విద్య తెలుసునని చెప్పేవారున్నారు. ఆ మాట భారతానికి గౌరవం తేదు. అందులో ఉన్నది ఆయుధం తయారుచేసే విద్య కాదు, ఆయుధం పట్టినవాడు దాటకూడని హద్దు. వ్యాస భారతం ఉద్యోగపర్వంలో అర్జునుడు తన దగ్గర పాశుపతం ఉందని చెబుతూనే, దివ్యాస్త్రాలతో సామాన్యులను చంపడం తగదని, తిన్నని యుద్ధంతోనే గెలుస్తామని అంటాడు. అతడు సామాన్యులన్నది దివ్యాస్త్రాలు ఎరుగని సైనికులను. కత్తి పట్టిన సైనికుడి మీదే వద్దనుకున్న ఆయుధమది.

నిజంగా అన్యాయం జరిగినవాడు, ఆ అన్యాయంలో చేయిలేని వారిని చంపవచ్చునా? 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాల మీద అమెరికా వేసిన రెండు బాంబుల గురించి ఎనిమిది దశాబ్దాలుగా సాగుతున్న వాదమంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఎంతమంది సైనికుల ప్రాణాలు దక్కాయి, యుద్ధం ఎన్ని నెలలు తగ్గింది, జపాన్ ఎందుకు లొంగిపోయింది అనే ప్రశ్నలు ముఖ్యమైనవే. కానీ వాటికంటే ముందు అడగవలసినది ఒకటుంది. ఆ బాంబును ఎవరి మీదికి గురిపెట్టారు?

దీనికి జవాబు అమెరికా ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. 1945 మే నెలలో లక్ష్యాలను ఎంపిక చేసే సంఘం మూడు మైళ్లకు మించిన వ్యాసం ఉన్న పెద్ద నగర ప్రాంతాలను వెతికింది. హిరోషిమా చుట్టూ కొండలు ఉండడం వల్ల పేలుడు దెబ్బ లోపలికి కేంద్రీకృతమై విధ్వంసం పెరుగుతుందని రాసుకుంది. శత్రువు మనసు మీద పడే దెబ్బకు పెద్ద విలువ ఇచ్చింది. కొత్త బాంబు ప్రభావం స్పష్టంగా తెలియాలని ఆ నగరాలను మామూలు బాంబుదాడుల నుంచి మినహాయించి ఉంచారు. మే 31న జరిగిన మరో ఉన్నతస్థాయి సమావేశం, ఎక్కువమంది పనిచేసే యుద్ధ పరిశ్రమ, దాన్ని ఆనుకుని కార్మికుల ఇళ్లు ఉన్న చోటు తగిన లక్ష్యమని తేల్చింది. పరిశ్రమ పేరు చెప్పినా, ఇళ్లు పొరపాటున ఆ వాక్యంలోకి రాలేదు. వాటిని కోరే రాశారు.

ఆగస్టు 6 ఉదయం విమానంలోని వారు చూసుకున్న గురి ఊరి నడిబొడ్డున ఉన్న అయోయి వంతెన. హిరోషిమాలో సైనిక ప్రధాన కార్యాలయం ఉంది, ఉజినా అనే సైనిక రేవు ఉంది, ఊరి అంచుల్లో పెద్ద కర్మాగారాలున్నాయి. వాటిలో ఏదీ గురి కాదు. యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వమే నియమించిన బాంబుదాడుల పరిశీలన సంఘం చూసినప్పుడు, అంచుల్లోని పెద్ద కర్మాగారాలు దాదాపు చెక్కుచెదరలేదు. నగర పారిశ్రామిక ఉత్పత్తిలో ముప్పావు వంతు ఇచ్చే కర్మాగారాలు ముప్పై రోజుల్లో తిరిగి పనిచేయగల స్థితిలో ఉన్నాయని అది రాసింది. కర్మాగారం మిగిలింది, ఊరు పోయింది. సైనిక లక్ష్యం అన్న మాటకు ఇంతకంటే పెద్ద ఖండన అక్కర్లేదు.

ఆ నిర్ణయం తీసుకున్నవారికి హద్దు తెలియదనుకోవడానికీ వీల్లేదు. అధ్యక్షుడు ట్రూమన్ జులై 25న తన దినచర్యలో, స్త్రీలు, పిల్లలు కాకుండా సైనిక స్థావరాలు, సైనికులు, నావికులే లక్ష్యమని రాసుకున్నాడు. హిరోషిమా కాలిపోయాక ఆగస్టు 9న రేడియోలో మాట్లాడుతూ దాన్ని సైనిక స్థావరం అన్నాడు, వీలైనంతవరకు పౌరుల మరణాలను తప్పించాలనే అలా చేశామన్నాడు. ఆ మరునాడు మంత్రివర్గ సమావేశంలో, మరో లక్ష మందిని తుడిచిపెట్టే ఆలోచన భయంకరంగా ఉందని, అంతమంది పిల్లలను చంపడం తనకు ఇష్టం లేదని అన్నట్టు వాణిజ్య మంత్రి హెన్రీ వాలెస్ రాసి ఉంచాడు. సామాన్యులను చంపవచ్చునని నమ్మినవాడికి ఊరిని సైనిక స్థావరం అనవలసిన పని ఉండదు. ఆ అబద్ధమే ఆ నిర్ణయం మీద బలమైన సాక్ష్యం.

నాగసాకి సంగతి మరీ ఘోరం. దానికి వేరుగా నిర్ణయమే జరగలేదు. జులై 25న వెలువడిన ఆదేశంలో హిరోషిమా, కొకురా, నీగాటా, నాగసాకి పేర్లున్నాయి. మొదటి బాంబు తర్వాత మిగతావి సిద్ధమైనకొద్దీ వేయవచ్చునని అందులోనే ఉంది. లొంగిపొమ్మని జపాన్‌ను హెచ్చరించిన పోట్స్‌డామ్ ప్రకటన వచ్చింది ఆ మరునాడు. ఆగస్టు 9న విమానం మొదట కొకురా మీదికి వెళ్లింది. కింద గురి కనిపించక నాగసాకికి తిరిగింది. అక్కడ ఉదయం 11 గంటల 2 నిమిషాలకు బాంబు పేలింది. సరిగ్గా అప్పుడే టోక్యోలో యుద్ధ మండలి లొంగుబాటు గురించి చర్చిస్తోంది. మొదటి ఊరికి ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి శత్రువుకు మూడు రోజుల వ్యవధి చాలుతుందా అని ఎవరూ ఆగి ఆలోచించలేదు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. శాస్త్రవేత్త లెక్క చేశాడు, సంఘం ఊరి పేరు రాసింది, సేనాధిపతి ఆదేశం పంపాడు, విమాన చోదకుడు పాటించాడు, వాతావరణం ఊరిని ఎంచింది. ఎవరి పిడికిలి తెరిచి చూసినా కొంచెమే కనిపిస్తుంది. పంచుకున్నంత మాత్రాన మొత్తం తగ్గదు.

దూరదేశపు అంకెలు మనసుకు తొందరగా పట్టవు. ఊరి పటం మీద పరిచి చూస్తే తెలుస్తుంది. నెల్లూరు జనాభా 2011 లెక్కల ప్రకారమే ఐదు లక్షలకు పైన. 1945లో హిరోషిమాలో సైనికులతో కలిపి ఉన్నది సుమారు మూడున్నర లక్షలు. నెల్లూరులో వీఆర్ కళాశాల కూడలి మీద, ఆరు వందల మీటర్ల ఎత్తున ఆ బాంబు పేలిందనుకుంటే, పెద్దబజారు, సంతపేట, ట్రంకు రోడ్డు, మూలాపేట, రైల్వే స్టేషన్ అన్నీ ఆ మంట చేరే మేరలోనే ఉంటాయి. హిరోషిమాలో దాదాపు 13 చదరపు కిలోమీటర్లు కాలిపోయింది. నెల్లూరులో అంత మేర గీస్తే పాత ఊరంతా ఇంచుమించు అందులో పడుతుంది. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం, దర్గామిట్టలోని పెద్దాసుపత్రి కూడా దెబ్బ తప్పించుకునేంత దూరంలో లేవు.

సమయం ఉదయం ఎనిమిదింబావు. బడిపిల్లల ఆటోలు రోడ్డు మీద ఉండే వేళ. హిరోషిమాలోనూ పిల్లలు బయటే ఉన్నారు. పన్నెండు, పదమూడేళ్ల విద్యార్థులను వేల సంఖ్యలో ఊరి మధ్యకు తెచ్చి, మంటలు పాకకుండా ఇళ్లను కూల్చి ఖాళీ స్థలం చేసే పనికి పెట్టారు. ఏడున్నరకు ప్రమాదం లేదని సైరన్ మోగింది. అందరూ పనుల్లోకి దిగారు. ఆ పిల్లల్లో సుమారు ఆరు వేల మంది తిరిగి ఇంటికి చేరలేదు. పిల్లలను అటువంటి పనికి పంపిన తప్పు జపాన్ ప్రభుత్వానిదే. వారిని కాల్చిన తప్పు మాత్రం దానిది కాదు.

బాంబు కింద నేలమీద వేడి మూడు, నాలుగు వేల డిగ్రీలకు చేరింది. చీమకుర్తి, ఒంగోలు ప్రాంతాల్లో రాతి పని ఎరిగినవారికి ఒక సంగతి తెలుసు: గ్రానైట్ పలక మీద తీవ్రమైన మంట ఆడిస్తే పైపొర చిట్లి రాలి, నున్నని రాయి గరుకుగా మారుతుంది. హిరోషిమాలో సమాధిరాళ్లు, మెట్లు అలాగే మారాయి. సుమిటోమో బ్యాంకు వాకిట రాతి మెట్ల మీద బ్యాంకు తెరిచేదాకా కూర్చుని ఉన్న ఒక మనిషి మేర మాత్రం నల్లగా మిగిలి, చుట్టూ రాయి తెల్లబడింది. ఆ మెట్టును ఊడదీసి ఇప్పుడు మ్యూజియంలో పెట్టారు. ఆ మనిషి యుద్ధానికి ఏ సాయం చేస్తున్నట్టు?

కాలినవారు నీళ్ల కోసం నదుల్లోకి దిగారు. నెల్లూరు వాసులకు ఇంకో దృశ్యం తెలుసు. మొహర్రం వేళ బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మతం అడగకుండా లక్షలమంది నీళ్లలో నిలబడి, తమ కోరికకు తగిన రొట్టె ఎవరి చేతిలో ఉందో వెతుక్కుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె. నగరం అంటే అదే, అపరిచితుడి చేతి నుంచి అందుకోగల చోటు. లక్ష్యాల సంఘం వెతికిన మూడు మైళ్ల వ్యాసంలో ఉండేది ఇదే.

కోస్తాలో పుట్టినవారికి విపత్తు కొత్త కాదు. తుపాను ఒక ఊరిని ముంచితే పక్క ఊరు అన్నం పొట్లాలు పట్టుకుని వస్తుంది. హిరోషిమాలో వైద్యులు, నర్సుల్లో తొంభై శాతానికి పైగా చనిపోయారు, లేదా గాయపడ్డారు. సాయానికి పరుగెత్తి వచ్చినవారికి కూడా రేడియేషన్ తగిలింది. పేలుడు తర్వాత రెండు వారాల్లోపు ఆ కేంద్రానికి దగ్గరగా వెళ్లినవారిని సైతం జపాన్ చట్టం బాధితులుగానే లెక్కిస్తుంది. 1945 చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మందికి పైగా చనిపోయారు. వారిలో బలవంతంగా పనికి తెచ్చిన కొరియన్లు వేలల్లో ఉన్నారు. జపాన్ దౌర్జన్యానికి బలైనవారే జపాన్ మీది ప్రతీకారానికీ బలయ్యారు. అత్త మీద కోపం దుత్త మీద తీరడం అంటే ఇదే. తర్వాతి ఏళ్లలో రక్తపు క్యాన్సర్ వచ్చింది. రెండేళ్ల పాపగా బయటపడిన సడాకో ససాకి 1955లో పన్నెండేళ్ల వయసులో అలాగే పోయింది. ఆ ఉదయం తల్లి కడుపులో ఉన్న పిల్లల్లో కొందరు చిన్న తలతో, ఎదగని బుద్ధితో పుట్టారు. గర్భాల మీదికి మళ్లిన అస్త్రం కథను నెల్లూరులో కూర్చుని ఒక కవి తెలుగులో రాసిన ఏడు వందల ఏళ్ల తర్వాత జరిగిన సంగతి ఇది.

బాంబును సమర్థించేవారి వాదంలో బలం లేదనడం అన్యాయం. జపాన్ సైన్యం చైనాలో, ఆగ్నేయాసియాలో చేసిన అకృత్యాలు అంతులేనివి. తెలుగువారికి ఇది పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. 1941 డిసెంబరులో బర్మాలోని రంగం (రంగూన్) మీద బాంబులు పడినప్పుడు అక్కడ కూలినాలి చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు అడవులు, కొండలు దాటి కాలినడకన బయలుదేరాయి. చాలామంది దారిలోనే రాలిపోయారు. మలయా తోటల్లోని దక్షిణ భారత కూలీలను సయాం (థాయ్‌లాండ్) రైలుమార్గం పనికి తోలుకుపోయి చంపారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. యుద్ధం ఒక్కొక్క నెల సాగినకొద్దీ ఆసియాలో ఇటువంటి చావులు పెరిగేవే. ఒకినావా పోరులో పన్నెండు వేలకు పైగా అమెరికన్లు, దాదాపు లక్షమంది జపాన్ సైనికులు, అంతే సంఖ్యలో ఆ దీవి ప్రజలు చనిపోయారు. నవంబరు 1న క్యూషూ దీవి మీద దండెత్తవలసి ఉంది. ఆ పడవల్లో ఎక్కబోయే యువకుడి తల్లికి బాంబు వార్త ఊరటనిచ్చి ఉంటే ఆమెను తప్పుపట్టలేం.

అయితే ఆ వాదం రెండే దారులు చూపిస్తుంది: బాంబు, లేదా దండయాత్ర. ఇతర దారులూ ఉన్నాయి. చక్రవర్తిని కొనసాగనిస్తామని ముందే చెప్పి ఉండవచ్చు. చివరికి జరిగింది అదే. సోవియట్ యూనియన్ యుద్ధంలోకి దిగేదాకా ఆగి ఉండవచ్చు. అది ఆగస్టు 8న యుద్ధం ప్రకటించింది. జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో కొందరు శాస్త్రవేత్తలు జూన్‌లోనే కోరినట్టు జనంలేని చోట బాంబు శక్తిని చూపి ఉండవచ్చు. ఇవి ఫలించేవని హామీ లేదు. నాగసాకి తర్వాత కూడా జపాన్ యుద్ధ మండలి ముగ్గురు అటు, ముగ్గురు ఇటుగా చీలి ఉందన్నది నిజం. చక్రవర్తి ఆగస్టు 15 ప్రసంగంలో కొత్త క్రూరమైన బాంబును ప్రస్తావించాడు. రెండు రోజుల తర్వాత సైనికులకు ఇచ్చిన సందేశంలో సోవియట్ యూనియన్ దిగడాన్నే కారణంగా చూపాడు. బాంబులు లేకపోయినా, సోవియట్లు దిగకపోయినా 1945 ముగిసేలోపు జపాన్ లొంగేదని అమెరికా పరిశీలన సంఘం 1946లో తేల్చింది. దానితో ఏకీభవించని చరిత్రకారులున్నారు. దండయాత్ర జరిగితే అమెరికా సైన్యంలో చనిపోయేవారు, గాయపడేవారు కలిపి పది లక్షలు దాటేవారన్న మాట జనంలో పాతుకున్నది అప్పటి యుద్ధ మంత్రిగా పనిచేసిన స్టిమ్సన్ 1947లో రాసిన వ్యాసంతో. అది పని జరిగాక ఇచ్చుకున్న వివరణ.

ఈ లెక్కలన్నీ బాంబు వేసినవారికి అనుకూలంగానే తేలాయనుకుందాం. అప్పటికీ ప్రశ్న మిగులుతుంది. నల్లమల అంచున ఒక ఆయుధాల ముఠా దాక్కుని ఉందనుకోండి. అడవిలోకి వెళితే ఇరవైమంది పోలీసులు చనిపోతారు. ముఠా సభ్యుల భార్యాబిడ్డలు ఉండే పల్లెను తగలబెడితే వారు ఆయుధాలు దించి బయటికి వస్తారు, చనిపోయేది పదిమందే. ఏ జిల్లా అధికారి అయినా ఈ లెక్క చూపించి ఆ పల్లెకు నిప్పు పెట్టమంటే ఒప్పుకునేవారు ఎవరు? లెక్క తప్పని కాదు, అది లెక్క వేయవలసిన విషయమే కాదని అందరికీ తెలుసు. ఆ పల్లె పసిబిడ్డను ఇంకొకరిని లొంగదీసే సాధనంగా వాడడం అక్కడి తప్పు. పల్లె స్థానంలో నగరాన్ని, పది స్థానంలో లక్షను పెడితే ఆ తప్పు ఒప్పు కాదు.

యుద్ధంలో సామాన్యులు ఎలాగూ చనిపోతారు కదా అని అడుగుతారు. ఇక్కడ తేడాను జాగ్రత్తగా చూడాలి. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే దారిలో నెల్లూరు దగ్గర పెన్నా మీద రైలు వంతెన ఉంది. శత్రువు దాని మీదుగా సైనిక రైళ్లు వెళ్లకుండా వంతెనను కూల్చాడనుకుందాం. ఒడ్డున బట్టలు ఉతికేవారు కొందరు చనిపోయారు. ఘోరమే. ముందుజాగ్రత్త తీసుకున్నాడా, వంతెన విలువకు ఆ ప్రాణనష్టం మించిందా అని నిలదీయాలి. అయితే ఆ రోజు ఒడ్డున ఎవరూ లేకపోతే అతడి పని చెడదు. ఇంకా మేలని అనుకుంటాడు. హిరోషిమా ప్రజలంతా ముందు రోజు రాత్రి ఊరు ఖాళీ చేసి కొండల్లోకి వెళ్లి ఉంటే? ఉత్త ఇళ్ల మీద పేలిన బాంబు టోక్యోను అంతగా వణికించేదా? ఆ దాడి ఆశించిన ఫలితం జనం చావు ద్వారానే రావాలి. అక్కడ చావు పక్కన జరిగిన నష్టం కాదు, అదే పనిముట్టు.

ఆధునిక యుద్ధంలో అందరూ యుద్ధంలో ఉన్నట్టేనన్న వాదం మరొకటి. కర్మాగారంలో కార్మికుడు, పొలంలో రైతు లేనిదే సైన్యం లేదంటారు. ఫిరంగి గుండ్లు చేసే కర్మాగారాన్ని లక్ష్యం అనవచ్చు. నెల్లూరు మొలగొలుకులు పండించే రైతు బియ్యం సైనికుడి కంచంలోకీ వెళుతుంది. అతడు సైనికుడికి ఇచ్చేది మనిషిగా అతడికి కావలసిన అన్నం, సైనికుడిగా కావలసిన తుపాకీ కాదు. యుద్ధం లేకపోయినా ఆ నాట్లు పడతాయి, ఆ వడ్లు ఇంటికి వస్తాయి. అన్నం పెట్టినవారంతా శత్రువులే అయితే తల్లిపాలు కూడా యుద్ధ సామగ్రే అవుతాయి. ఆ వాదం చివరికి చేరే చోటు అదే.

టోక్యో మాటేమిటని అడిగేవారు సరైన ప్రశ్నే అడుగుతున్నారు. 1945 మార్చి 9, 10 తేదీల మధ్య రాత్రి అగ్నిబాంబులతో ఆ నగరంలో సుమారు లక్షమందిని కాల్చి చంపారు. అణువు లేకుండానే. ఆ అలవాటు హిరోషిమాకు దారి వేసింది. ముందు చేసిన తప్పు తర్వాతి తప్పుకు సాక్షి అవుతుంది తప్ప న్యాయవాది కాదు.

చట్టం ఈ విషయంలో వెనకబడి నడిచింది, తడబడుతూనే నడుస్తోంది. టోక్యో యుద్ధనేరాల విచారణలో విజేతలు చేసిన నేరాలను విననే లేదు. ఆ ధర్మాసనంలోని భారతీయ న్యాయమూర్తి రాధావినోద్ పాల్ తన భిన్నాభిప్రాయంలో, పసిఫిక్ యుద్ధంలో నాజీ నేతల ఆదేశాలకు దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అది అణుబాంబు వాడాలన్న నిర్ణయమేనని రాశాడు. 1963లో టోక్యో జిల్లా కోర్టు ఆ దాడులు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని తేల్చినా బాధితులకు పరిహారం ఇప్పించలేదు. 1977 జెనీవా అదనపు ఒప్పందం ఒక నగరం మొత్తాన్ని ఒకే లక్ష్యంగా చూసే బాంబుదాడిని నిషేధించింది. 1996 జులై 8న అంతర్జాతీయ న్యాయస్థానం అణ్వాయుధాల వాడకం సాధారణంగా చట్టవిరుద్ధమేనని చెబుతూ, దేశం ఉనికికే ముప్పు వచ్చిన ఆత్మరక్షణ పరిస్థితిలో మాత్రం ఏమీ తేల్చలేమంది. ఏడుగురు అటు, ఏడుగురు ఇటు అయితే అధ్యక్షుడి అదనపు ఓటుతో వచ్చిన మాట అది.

1945 గురించి అమెరికాను నిలదీయడం మనకు సులువు. సులువుగా వచ్చిన నీతిని మన గడపలోకి తెచ్చి చూడాలి. నెల్లూరు పక్కన పల్లిపాడులో గాంధీ 1921లో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించాడు. 1946లో ఆయన, స్త్రీ పురుషులను, పిల్లలను మూకుమ్మడిగా నాశనం చేయడానికి అణుబాంబును వాడడం విజ్ఞానశాస్త్రాన్ని అత్యంత పైశాచికంగా వాడడమేనని రాశాడు. అంతర్జాతీయ న్యాయస్థానంలో పై విచారణ జరుగుతున్నప్పుడు 1995లో భారత ప్రభుత్వం సమర్పించిన లిఖిత వాదన కూడా ఆ దారిలోనే ఉంది. అణ్వాయుధాన్ని మొదట వాడడమే కాదు, ప్రతీకారంగా వాడడం కూడా చట్టవిరుద్ధమని మన దేశం అక్కడ చెప్పింది. ఏ అణుదేశమూ అంత స్పష్టంగా మాట్లాడలేదు. ఆ మాట గురించి గర్వపడాలి.

మూడేళ్లకే, 1998 మే నెలలో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి. 2003 జనవరి 4న ప్రకటించిన అణు విధానం ముందుగా వాడబోమని చెప్పింది. అది విలువైన మాట. పాకిస్తాన్ అటువంటి మాట ఇవ్వలేదు. దాన్ని సడలించాలని అప్పుడప్పుడు వినిపించే మాటలను గట్టిగా ఎదిరించాలి. కానీ అదే విధానంలో, మన మీద అణుదాడి జరిగితే ప్రతీకారం భారీగా, శత్రువు భరించలేని నష్టం కలిగించేలా ఉంటుందని కూడా ఉంది. భరించలేని నష్టం ఎక్కడ జరుగుతుంది? లాహోర్‌లో, కరాచీలో. అక్కడి బడిపిల్లలు, ఆసుపత్రి రోగులు, అన్నం పండించేవారు అణుబాంబు మీట నొక్కినవారు కాదు. వారిలో చాలామందికి దేశాన్ని ఎవరు నడపాలో చెప్పే అవకాశం కూడా సరిగా ఉండదు.

అశ్వత్థామ కథ మనకు నిజంగా తగిలేది ఇక్కడ. అతడిది మొదటి దాడి కాదు, బదులు. అప్పటికి అతడి పక్షం ఓడిపోయింది. పాండవ పిల్లలను చంపినందువల్ల దుర్యోధనుడి తొడలు అతుక్కోవు, ద్రోణుడు తిరిగి రాడు. ఒక నగరం కాలిపోయాక ఇంకో నగరాన్ని కాల్చినా మొదటి నగరంలో ఒక్క ప్రాణం లేచిరాదు. బెదిరింపు వల్ల దాడి ఆగుతుందని, ఆ బెదిరింపు నిజమనిపించాలంటే అమలుకు సిద్ధంగా ఉండాలని వ్యూహకర్తలు చెబుతారు. ఇంతకాలం అది కొంతవరకు పనిచేసి ఉండవచ్చు. బెదిరింపు విఫలమైన రోజున మాత్రం దాన్ని అమలు చేయడానికి కోపం తప్ప వేరే కారణం మిగలదు. ఇక్కడే గట్టిగా నిలబడి వద్దనే కృపాచార్యులు ఒక దేశానికి అవసరం. సైన్యంలో, పత్రికల్లో, విశ్వవిద్యాలయాల్లో వారు ముందునుంచే మాట్లాడుతూ ఉండాలి. ఆ రాత్రి మాట్లాడితే ఎవరూ వినరు.

ఆ మంట గురిపెట్టిన ఊరి దగ్గర ఆగేదీ కాదు. ఉపఖండంలో హిరోషిమా స్థాయి బాంబులు వంద పేలితే ఏమవుతుందో అలన్ రోబాక్, ఓవెన్ బ్రియన్ టూన్ తదితర శాస్త్రవేత్తలు 2007లో లెక్కగట్టారు. యాభై లక్షల టన్నుల మసి పైవాతావరణంలోకి చేరి, భూమి సగటు ఉష్ణోగ్రత డిగ్రీకి పైగా పడిపోయి, ఏళ్ల తరబడి వానలు తగ్గుతాయని తేలింది. ఇప్పుడు రెండు దేశాల దగ్గరా చెరి నూటయాభైకి పైగా బాంబులున్నాయి. సోమశిల జలాశయానికి నీరు రాకపోతే పెన్నా డెల్టాలో నారుమడి వేయని ఏడాది ఎలా ఉంటుందో ఈ జిల్లా రైతుకు చెప్పనక్కర్లేదు. యుద్ధంతో ఏ సంబంధమూ లేని దేశాల్లోనూ అదే గతి. వారి మీద ఎవరూ గురిపెట్టలేదు, అయినా వారి కంచంలో అన్నం పోతుంది.

చేయదగినది లేదనడం సరికాదు. ఇరు దేశాల మధ్య 1988 డిసెంబరు 31న ఒక ఒప్పందం కుదిరింది. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదన్నది దాని సారాంశం. 1992 నుంచి ఏటా జనవరి 1న ఢిల్లీ, ఇస్లామాబాద్ తమ అణు కేంద్రాల జాబితాలను మార్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాతా అది ఆగలేదు, పార్లమెంటు మీద దాడి తర్వాతా ఆగలేదు. ఒకరినొకరు ఏమాత్రం నమ్మని రెండు ప్రభుత్వాలు ఫలానా చోట్ల బాంబు వేయబోమని కాగితం మీద రాసి, ఇన్నేళ్లుగా ఆ మాట నిలబెట్టుకుంటున్నాయి. ఆ కాగితం మీద ఉన్నవి రియాక్టర్ల పేర్లు, ఇంధన కర్మాగారాల పేర్లు. లాహోర్ పేరు, అమృత్‌సర్ పేరు, కరాచీ పేరు, నెల్లూరు పేరు ఆ జాబితాలో ఇంకా చేరలేదు.